రికార్డులు చాలు, ప్రయోగాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే పదో తరగతి మోడల్ ప్రశ్నలు, బిట్లు మా బడి పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. వాటి పక్కనే వారానికో ప్రయోగం కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠంలో ‘దూరం వర్గానికి విలోమానుపాతం’ అన్న మాట వస్తుంది. పిల్లలు గడగడా అప్పజెబుతారు. దూరం రెట్టింపైతే బలం ఎంతవుతుందని అడిగితే మాత్రం చాలామంది ‘సగం’ అంటారు, నిజానికి నాలుగో వంతు అవుతుంది. గురుత్వాకర్షణను బల్ల మీద చూపించలేం. అదే లెక్కను కాంతితో చూపించవచ్చు.

తెల్ల కాగితం మధ్యలో చుక్క వంటనూనె వేసి నిలబెట్టాలి. గదిలో చీకటి చేయాలి. కాగితానికి ఒక పక్క 30 సెంటీమీటర్ల దూరంలో ఒక కొవ్వొత్తి, రెండో పక్క 60 సెంటీమీటర్ల దూరంలో అలాంటిదే మరొకటి వెలిగించాలి. దగ్గరి కొవ్వొత్తి వైపు నుంచి మరక నల్లగా, అవతలి వైపు నుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. దూరంగా ఉన్న వైపు కొవ్వొత్తులు ఒక్కొక్కటే పెంచుతూ పోవాలి. రెండుకి కుదరదు, మూడుకీ కుదరదు. నాలుగోది వెలిగించాక మరక రెండు వైపులా ఒకేలా, కాగితంలో దాదాపు కలిసిపోయి కనిపిస్తుంది. 90 సెంటీమీటర్లకు ఎన్ని కావాలో ఇక నేను చెప్పక్కర్లేదు, తొమ్మిదని వాళ్లే అరుస్తారు. బర్నర్‌తో మనకు తెలిసిన బున్సెన్ 19వ శతాబ్దంలో దీపాల వెలుగును పోల్చింది ఈ నూనె మరకతోనే.

2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ సంగతి కూడా అప్పుడే చెబుతాను. అంగారకుడు సూర్యుడికి మనకంటే సగటున 1.52 రెట్ల దూరంలో ఉంటాడు కాబట్టి అక్కడ అందే ఎండ మనకు అందేదానిలో 43 శాతమే. సోలార్ పలకలను ఆ లెక్క చూసుకునే తయారు చేయాలి. ఈ మాట చెప్పాక సూత్రాన్ని మళ్లీ బట్టీ పట్టించాల్సిన పని ఉండదు.

ఇంత తేలికైన ప్రయోగానికీ టైమ్ దొరకడం లేదు. ల్యాబ్ పీరియడ్‌ను స్లిప్ టెస్టులు తినేస్తున్నాయి, రికార్డులేమో గైడ్ చూసి నిండిపోతున్నాయి. తనిఖీకి వచ్చే అధికారులు రికార్డు తిరగేసే బదులు ఎవరో ఒక విద్యార్థిని పిలిచి ‘ఏదీ, చేసి చూపించు’ అని అడిగితే మా పని సగం తేలికవుతుంది.

మీరు ప్రయోగాలు వేస్తే కిరాణా కొట్లో దొరికే సామానుతో అయ్యేవే ఎంచుకోండి. చాలా బడుల్లో ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువానే.

– స్కూల్ అసిస్టెంట్ (ఫిజికల్ సైన్స్), నంద్యాల జిల్లా