సరుగుడు పైన్ చెట్టు కాదు

మా ఊరి పార్కులో సరుగుడు చెట్టుకు 'పైన్ జాతి, శంకువృక్షం' అని బోర్డు పెట్టారు, అది పూర్తిగా తప్పు. సూదుల్లాంటి ఆకులు, చిన్న శంకువులాంటి కాయ చూసి పొరబడి ఉంటారు గానీ, ఆ సూదిని రెండు వేళ్లతో పట్టి లాగితే కణుపు దగ్గర పుటుక్కున ఊడి వస్తుంది, కణుపు చుట్టూ పళ్లలా సన్నటి పొలుసులు కనిపిస్తాయి. ఆ పొలుసులే అసలు ఆకులు, మనం ఆకు అనుకునేది పచ్చటి రెమ్మ. సరుగుడు పూలు పూసే చెట్టు. శంకువృక్షాలకు పువ్వూ ఉండదు, కాయా ఉండదు, విత్తనాలు శంకువు పొలుసుల మీదే పెరుగుతాయి. అవి పుట్టింది దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్ల కంటే ముందు, అప్పటికి పూల మొక్కలు లేనే లేవు. రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర అకల్ శిలాజ పార్కుకు వెళ్తే సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి శంకువృక్షాల మానులు రాళ్లైపోయి నేల మీద పడి ఉంటాయి. ఇంత చరిత్రను ఒక్క తప్పు బోర్డు తారుమారు చేస్తోంది, మొన్న బడిపిల్లలు దాన్ని నోట్సులో ఎక్కించుకోవడం నా కళ్లతో చూశాను. వెంటనే ఆ బోర్డు తీసేసి, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్ల చేత సరిచూయించి కొత్తది రాయించాలి, నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అసలు శంకువృక్షం అరౌకేరియాను పక్కనే నాటితే పిల్లలు రెండింటినీ ముట్టుకుని పోల్చుకుంటారు.