మా జిల్లా పుస్తకానికి మా గ్రంథాలయంలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల ములుగు వైపు నుంచి రిటైరైన తెలుగు సారు ఒకరు మా ఇంటికి వచ్చారు. చేతిసంచిలో నాలుగు లాంగ్ నోటుబుక్కులు తెచ్చారు. ఏజెన్సీ ఊళ్లలో పాఠాలు చెప్పినన్నాళ్లూ అక్కడి ముసలివాళ్ల దగ్గర విన్న కథలు, సామెతలు, చెట్ల పేర్లు, ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టుకున్నారు. ఎన్ని పేజీలొస్తాయి, ఎంత ఖర్చవుతుంది అని మాట్లాడుకున్నాక లేవబోతూ అడిగారు: "అంత మంచిగనే ఉందమ్మా. పుస్తకమైనంక అది ఎక్కడ దొరుకుతది? మా ఊరి పిల్లలు చదవాలంటే ఎక్కడికి పోవాలె?"

నేను హనుమకొండలో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాను. మా ఇంటి ముందు గదే ఆఫీసు. పనంతా నేనొక్కదాన్నే చూసుకుంటాను. ఇప్పటికి 14 పుస్తకాలు వేశాను. అయినా సారుకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు చెప్పగలిగినవాళ్లు మీ పత్రిక చదువుతారన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బాపు ఆజంజాహి మిల్లులో కార్మికుడు. మిల్లు సైరన్‌ను బట్టే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. సెలవు రోజున నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి తీసుకుపోయేవాడు. 1904లో, నిజాం కాలంలో, తెలుగు మీద ప్రేమతో పెద్దలు పెట్టిన గ్రంథాలయం అది. బాపు పేపర్లన్నీ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేవాడు. పక్కన కూర్చుని నేను పిల్లల కథలు చదువుకునేదాన్ని. పుస్తకం కొనే స్తోమత మా ఇంటికి లేదు. నేను చదివిందంతా అక్కడి బీరువాల్లోదే.

డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. టైపు నేర్చుకున్నాను, తర్వాత డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని. చౌరస్తా దగ్గరి సందులో ఒక షాపులో పనికి కుదిరాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లికార్డులు, ఎన్నికల కరపత్రాలు, దశదినకర్మ పత్రికలు చేసేదాన్ని. కాకతీయ యూనివర్సిటీ పిల్లలు థీసిస్‌లు తెచ్చేవాళ్లు. తెలుగు శాఖ వాళ్ల థీసిస్ వస్తే నాకు పండుగే. జానపదుల పాటలు, ఒగ్గు కథలు, కులపురాణాలు టైపు చేస్తూ చేస్తూ చదివేశాను. వాక్యం ఎక్కడ తెగాలో, ఎక్కడ సాగాలో నాకు ఆ కీబోర్డే నేర్పింది. రాత్రి ఇంటికొచ్చి సొంతంగా కథలు రాసుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

పన్నెండు కథలయ్యాక చిట్టీ ఎత్తి, వేరే ఊళ్లో పేరున్న ప్రచురణకర్తకు డబ్బు కట్టాను. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. 1000 కాపీలు వచ్చాయి. పుస్తకం తెరిస్తే నా మాటలు లేవు. 'అంగి' చొక్కా అయింది. 'తొవ్వ' దారి అయింది. మా అవ్వ నోట 'ఎగిలివారంగ' అని రాస్తే 'తెల్లవారుజామున' అని దిద్దారు. నన్ను ఒక్క మాట అడగలేదు. తప్పును దిద్దితే సంతోషిస్తాను. ఇవి తప్పులు కావు. మా అవ్వ బతికినన్నాళ్లూ మాట్లాడిన మాటలు. కాపీలు అమ్ముకునే బాధ్యత కూడా నాదేనని అప్పుడు తెలిసింది. కట్టలన్నీ మంచం కింద పెట్టాను. మూడో వానాకాలానికి సగం చెదలు పట్టాయి. ఆ రోజు చెదల మట్టి దులుపుతూ ఏడ్చాను. ఇట్లా ఇంకొకరి పుస్తకం కావద్దని అప్పుడే అనుకున్నాను గానీ ఏం చేయాలో తెలియలేదు.

2020లో కరోనాతో పెళ్లికార్డుల పని పడిపోయింది. మా షాపు మూతపడింది. పాత కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. పక్కింటి చెల్లె వాళ్ల అమ్మాయి యూనికోడ్ నేర్పింది, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా కనిపించే తెలుగు అక్షరాల పద్ధతి. పాత అను ఫాంట్లలో ఉన్నదాన్ని అందులోకి మారిస్తే ఒత్తులు ఎక్కడివక్కడ చెదిరిపోతాయి. ప్రతి పేజీ మళ్లీ చదవాల్సిందే. పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకు చాలా డబ్బవుతుందనుకున్నాను. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుందని తెలిసినప్పుడు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. మొదటి పుస్తకం ఒక పెద్దమ్మ పాడిన నాట్ల పాటలు. ఆమెకు చదువు రాదు. కవరు మీద తన ఫొటో చూసి, పుస్తకాన్ని కొంగుతో తుడిచి బియ్యం డబ్బాలో దాచుకుంది.

ఇప్పుడు లెక్క చెప్తాను, ఎందుకంటే చాలామంది రచయితలకు ఇది తెలియక మోసపోతున్నారు. డెమ్మీ సైజులో 16 పేజీలు ఒక ఫారం. 128 పేజీల పుస్తకం ఎనిమిది ఫారాలవుతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలు వేసినా ఒకటే, కాబట్టి కనీసం 500 వేస్తేనే గిట్టుబాటు. అన్ని కాపీలు మంచం కింద పెట్టుకోవడం నాకిష్టం లేదు. అందుకని డిజిటల్‌లో 150 వేయిస్తాను. అయిపోతే మళ్లీ వేయిస్తాను. కాపీకి నాకు 80 రూపాయల దాకా పడుతుంది, వెల 150 పెడతాను. దుకాణం కమిషన్ 40 శాతం పోతే మిగిలేది పది రూపాయలు. పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ కాగితం మీద ఉంది. ఆ భారం మా మీదే పడుతుంది. ప్రచురణకర్త అన్నవాడు డబ్బు తీసుకుని, ఒక్కసారి కూడా చదవకుండా అచ్చు వేయడం పాపమని నా అభిప్రాయం. నేను ప్రతి పుస్తకం మూడుసార్లు చదువుతాను. రచయిత పక్కన కూర్చోకుండా ఒక్క మాట మార్చను.

పోస్టు సంగతి కూడా చెప్పాలి. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపుకునే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో ఉన్నట్టుండి తీసేసినప్పుడు చేతులు విరిగినట్టయింది. 2025 మే నుంచి దాని బదులు పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. మా పుస్తకం ప్యాకింగ్‌తో కలిపి 200 గ్రాములు దాటదు. ఆ మేరకు ఊపిరి పీల్చుకున్నాం.

అసలు చిక్కు గ్రంథాలయం దగ్గర ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం అచ్చయిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ప్రచురణకర్త సొంత ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. నేను సంతోషంగా పంపుతాను. ఆ పెద్దమ్మ నాట్ల పాటలు అట్లా నాలుగు మహానగరాలకు చేరాయి. ఆమె పాడిన పొలాలకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రంథాలయంలో మాత్రం లేవు. అక్కడికి స్వయంగా వెళ్లి అడిగాను. కొనుగోళ్లు తమ చేతిలో లేవని, కావాలంటే రెండు కాపీలు ఉచితంగా ఇవ్వమని చెప్పారు. ఇచ్చాను. మూడు నెలల తర్వాత వెళ్తే నంబరు కూడా వేయకుండా సుతిలితో కట్టిన కట్టలో కనిపించాయి. అక్కడి మనిషిని తప్పుపట్టను. ఆయనొక్కడే తలుపు తీయాలి, ఊడవాలి, పేపర్లు సర్దాలి, రిజిస్టరు రాయాలి.

గ్రంథాలయాల్లో ఇప్పుడు కుర్చీలన్నీ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలతో నిండుతున్నాయి. చూస్తే కడుపు నిండుతుంది. వాళ్ల పుస్తకాలు కొనవద్దని నేననను. కానీ గ్రూప్స్ సిలబస్‌లోనే తెలంగాణ సమాజం, సంస్కృతి ఉన్నాయి. ఆ సంస్కృతి గురించి గైడులో నాలుగు లైన్లు చదివే పిల్లకు తన మండలం పాట, తన మండలం కథ అదే గదిలో దొరకాలి కదా.

మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మిల్లు కార్మికుడి కూతురిగా నేనూ కడుతున్నాను, నాట్ల పాటలు పాడిన ఆ పెద్దమ్మా కడుతుంది. ఆ డబ్బులో నుంచి చిన్న భాగం అడుగుతున్నాను. కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబరు 9ని, మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ప్రతి ఏడాదీ ఆ రోజుకల్లా ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ తన జిల్లా వాళ్లు రాసిన పుస్తకాలను ఎంచుకుని, ఒక్కోటి ఐదు కాపీల చొప్పున, మధ్యలో ఎవరూ లేకుండా రచయిత దగ్గరే కొనాలి. ఎంపికకు ఒక లైబ్రేరియన్‌ను, ఒక తెలుగు టీచరును, రోజూ వచ్చే పాఠకులు ఇద్దరిని కూర్చోబెట్టండి. బాగా లేని పుస్తకాన్ని, నేను వేసిందైనా సరే, పక్కన పెట్టండి. కొన్నవాటి జాబితా నోటీసు బోర్డు మీద అంటించండి. ఒక బీరువా వాటికోసం కేటాయించి, తాళం వేయకుండా ఉంచండి. ఐదు కాపీలకు 750 రూపాయలు. మాకు అది లాభం లెక్క కాదు, పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే ఫలానా చోట అని చెప్పగలుగుతాం.

సారు నోటుబుక్కుల్లో మొదటిది టైపు చేయడం అయిపోయింది. రెండోదాంట్లో చెట్ల పేర్ల దగ్గర ఉన్నాను. కొన్ని పేర్లు నేనెప్పుడూ వినలేదు, రోజూ సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి పలికించుకుంటున్నాను. సెప్టెంబరుకు పుస్తకం సిద్ధమవుతుంది. ములుగు జిల్లా గ్రంథాలయంలో దానికి చోటుంటుందని సారుకు చెప్పమంటారా? సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానే జవాబిస్తే ఆయనకు కత్తిరించి పంపుతాను.

ఇట్లు,
ఒక చిన్న ప్రచురణకర్త,
హనుమకొండ.