నాన్న కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ ఉందట!

మారతహళ్లి, బెంగళూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్,

వారం రోజులుగా ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకుంటూ ఉంటావు. ఎత్తితే సంగతి చెప్పాల్సొస్తుంది, చెప్తే నువ్వు నవ్వుతావు. పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ని, ఇంట్లో మూడు కంప్యూటర్లకి మాటలు కలపడానికి వారం పట్టిందిరా! ఇవాళ పని అయిపోయింది, ఇక ఎంత నవ్వినా ఫరవాలేదు. పైగా మీ ఇంట్లోనూ ఇదే గోల అన్నావు కదా, చివరిదాకా చదువు.

అమ్మా నాన్నా కావలి నుంచి ఇక్కడికే వచ్చేశారు. ఊరగాయ జాడీలతో పాటు, రిటైరయ్యాక నాన్న ముచ్చటపడి కొనుక్కున్న డెస్క్‌టాప్ కూడా వచ్చింది. అందులో విండోస్ 11. మా ఆవిడది మ్యాక్. నా పాత లాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ వేసి, ఓ పెద్ద డిస్క్ తగిలించి టీవీ వెనక పెట్టాను. చెల్లి పెళ్లి ఫోటోలు, నాన్న పొలం కాగితాలు అన్నీ దాంట్లో పడేస్తే ఎవరి కుర్చీలోంచి వాళ్లు చూసుకోవచ్చని నా ప్లాన్.

మొదటి రోజు దేనికీ ఏదీ కనపడలేదు. మా ఆవిడ విండోస్‌ని తిట్టింది. నాన్న "ఆ ఉబుంటో గిబుంటో తీసెయ్" అన్నారు. నాకేమో మ్యాక్ మీద అనుమానం. ఎవరూ తమ దాన్ని ఒక్క మాట అనలేదు, గమనించావా? ఆ ఊపులో రెండు రోజులు, ఉబుంటు ఫైళ్లని మిగతావాటికి అందించే సాంబా అనే ప్రోగ్రామ్‌ని తీసేసి, మళ్లీ వేసి, సెట్టింగులన్నీ కెలికి పాడు చేసుకున్నాను.

అన్నట్టు, సాంబా అనగానే నాన్న "సాంబశివుడా?" అన్నారు. వంటింట్లోంచి అమ్మ "ఇక్కడి సాంబారులాగా తియ్యగా ఉండదు కదా?" అంది. 1992లో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా ఆయన మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. విండోస్ వాళ్ల ఫైల్ షేరింగ్ భాష పేరు ఎస్‌ఎంబీ. ఆ మూడక్షరాలూ వరసగా వచ్చే మాట కోసం ఆయన డిక్షనరీలో వెతికితే సాంబా దొరికిందట. ఈ కథ చెప్తే నాన్నకి ఉబుంటు మీద కోపం కాస్త తగ్గింది.

మూడో రోజు రాత్రి బుద్ధి వచ్చి పింగ్ కొట్టాను, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాన్ని పిలిచి పలుకుతుందో లేదో చూశాను. అక్కడ దొరికింది చిత్రం. నాన్న కంప్యూటర్ నుంచి ఉబుంటుకి పింగ్ వెళ్తోంది. ఉబుంటు నుంచి నాన్న దానికి వెళ్లట్లేదు. మ్యాక్‌తోనూ అంతే, మ్యాక్ నుంచి ఉబుంటుకే గానీ ఉబుంటు నుంచి మ్యాక్‌కి లేదు. నాన్న ఒక్కరి దగ్గరే ఇలా అయితే విండోస్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది అనుకునేవాణ్ని. రెండూ ఒకేలా మొండికేస్తే తప్పు వాటిది కాదు, మధ్యలో ఇంకెవరో ఉన్నారు.

ఒక్కో కంప్యూటర్‌కి నెట్‌వర్క్‌లో ఉండే నంబర్లు, అదే ఐపీ అడ్రస్‌లు, కాగితం మీద రాసుకుంటే ఒక్క అంకె దగ్గర దొరికిపోయింది. ఉబుంటుది 192.168.1.7. మిగతా రెండూ 192.168.0 తో మొదలవుతున్నాయి. అంటే అవి వేరే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఆ మూడో అంకె చూడకుండా మూడు రోజులు గడిపాన్రా!

అయిందేమిటంటే, నెట్ కంపెనీ వాళ్లు పెట్టిన డబ్బా ఒకటి, పడగ్గదికి వైఫై అందట్లేదని నేను కొన్న రౌటర్ ఇంకొకటి. రెండూ ఎవరికి వారే పెద్దమనుషులై అడ్రస్‌లు పంచుతున్నాయి. ఉబుంటుకి కంపెనీ డబ్బా నుంచి కేబుల్ వచ్చింది, మిగతావి నా రౌటర్ వైఫై మీద ఉన్నాయి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని గుర్తు తెచ్చుకో. లోపలివాళ్లు బయటికెళ్తే అడగడు, వాళ్లు తెప్పించుకున్న పార్సిల్ వస్తే లోపలికి పంపుతాడు. బయటినుంచి ఎవరైనా తనంతట తాను వచ్చి ఫలానా ఆయన కావాలంటే గేటు తియ్యడు. నా రౌటర్ చేసిందీ అదే. పైగా కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుక్కోవడానికి "ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తాయి చూడు, ఆ కేక రౌటర్ గోడ దాటదు.

మందు చిన్నదే. నా రౌటర్ అడ్రస్‌ని 192.168.1.2 చేశాను, దాని డీహెచ్‌సీపీ, అంటే అడ్రస్‌లు పంచే పని, ఆపేశాను, బయటి నెట్ కోసం ఉన్న వ్యాన్ పోర్టులోంచి కేబుల్ తీసి ఇంట్లో కంప్యూటర్ల కోసం ఉన్న ల్యాన్ పోర్టులో పెట్టాను. ఈ వరసలోనే చెయ్యి. ముందే కేబుల్ మార్చావంటే రెండు డబ్బాలూ ఒకే గదిలోకొచ్చి అడ్రస్‌లు పంచుతాయి, ఇంకా ఘోరం. ఈ మహత్కార్యం కోసం ఎస్పీ రోడ్డుదాకా పోయి పదిహేను మీటర్ల క్యాట్ 6 కేబుల్ కొన్నాను. కేబుల్ కంటే ఆటోకే ఎక్కువైంది.

వెంటనే మ్యాక్‌కి ఉబుంటు కనపడింది. నాన్న దానికి ఇంకా లేదు. విండోస్ మా ఇంటి వైఫైని "పబ్లిక్" అని రాసుకుని, బస్టాండులో కూర్చున్నట్టు తలుపులన్నీ వేసుకుంది. ప్రైవేట్ చేసి ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే పింగ్ పలికింది. ఇక ఇప్పటి విండోస్ పక్కవాళ్లని వెతికే పద్ధతి వేరు, సాంబా ఒక్కటే దానికి జవాబు చెప్పదు. ఉబుంటులో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తే నాన్న స్క్రీన్ మీద ఉబుంటు బొమ్మ వచ్చింది. అది లేకపోయినా రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఐపీ అడ్రస్ కొడితే తెరుచుకుంటుంది. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరురా, నేను రెండూ ఒకటే అనుకున్నాను.

పాస్‌వర్డ్‌ల దగ్గర మళ్లీ ఓ రోజు పోయింది. ఉబుంటు లాగిన్ పాస్‌వర్డ్ సాంబాకి చెల్లదు, దానికి విడిగా పెట్టాలి. పెట్టాను. అయినా నాన్న కంప్యూటర్ రానివ్వట్లేదు, ఎందుకంటే మొదటి రోజు కొట్టిన తప్పు పాస్‌వర్డ్‌నే అది జాగ్రత్తగా దాచుకుని వాడుతోంది. విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లోకెళ్లి తీసేయాల్సి వచ్చింది. తర్వాత మ్యాక్ నుంచి నాన్న ఫోల్డర్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది.

"నాన్నా, మీ పాస్‌వర్డ్?"

"నాలుగంకెలే కదరా."

అది పిన్, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది, బయటినుంచి వచ్చేవాళ్లకి మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డే కావాలి అన్నాను. "నాకు పాస్‌వర్డ్ ఉందా?" అన్నారు నిజంగా ఆశ్చర్యపోయి. కావలిలో ఎవరో కుర్రాడు పెట్టిచ్చాడట. రీసెట్ చేసి, కరెంటు బిల్లు వెనకాల రాసి బీరువాలో పెట్టుకున్నారు. ఏమన్నా అనడానికి నోరు రాలేదు.

ఒక్కదాన్ని మాత్రం దారిలో పెట్టలేదు, కావాలనే. పాత ప్రింటర్ స్కాన్ చేసినవాటిని నేరుగా ఫోల్డర్‌లో వేస్తుంది గానీ, దానికి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ తప్ప ఏమీ రాదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ దూరింది విండోస్‌లో ఆ పాత వెర్షన్‌లోని కన్నంలోంచే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి దాన్ని ముందుగా వేసి ఇవ్వడమే మానేశారు. ఒక ప్రింటర్ కోసం తలుపు తీసిపెట్టడం నాకిష్టం లేదు. స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటున్నాం. నాన్న సణుగుతున్నారు, సణగనీ.

నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చాక ఉబుంటు అడ్రస్ మారి మళ్లీ ఓ గంట టెన్షన్ పెట్టింది. కంపెనీ డబ్బాలోకెళ్లి దానికి ఒకే అడ్రస్ ఖాయం చేశాను. ఇంకో మాట, ఫోల్డర్ పేర్లలో ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాల తేడా లినక్స్ పట్టించుకుంటుంది, విండోస్ పట్టించుకోదు. పేర్లన్నీ చిన్న బడిలోనే పెట్టుకో.

నువ్వు మాత్రం ఏదీ తీసేసి మళ్లీ వెయ్యకు. ముందు అటూ ఇటూ పింగ్ కొట్టి, అన్ని కంప్యూటర్ల అడ్రస్‌లూ నాకు వాట్సాప్ చెయ్యి. మీ ఇంట్లోనూ రెండు డబ్బాలున్నాయని నాకు గట్టి అనుమానం.

అమ్మ నీకోసం గోంగూర పచ్చడి తీసిపెట్టింది. చెన్నై వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపిస్తాను. ఆలస్యమైతే సీసాలో ఉంటుందన్న హామీ లేదు.

నీ
వాడే