రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో గేటు దగ్గర రాయించండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

వృద్ధాశ్రమాల గురించి పత్రికల్లో ఎక్కువగా రెండు రకాల వార్తలే చూస్తుంటాను. కన్నవాళ్లను పిల్లలు వదిలేసి వెళ్లారన్నది ఒకటి, పుట్టినరోజుకి ఎవరో పళ్లు పంచారన్నది ఇంకొకటి. మిగిలిన రోజులన్నీ అక్కడి ముసలివాళ్లను నిలబెడుతున్న ఆయాల పని గురించి మాత్రం ఎవరూ రాయరు. పదహారు నెలలు ఆ పనిని దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

నా భార్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ని, నాకు డెబ్బై నాలుగేళ్లు, ఆమెను పక్కకు తిప్పే బలం లేదు. హైదరాబాద్ శివార్లలో మంచానపడ్డవాళ్లను చూసుకునే ఒకచోట చేర్పించాం. నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గర చిన్న ఆసుపత్రి, ఇది అలాంటిది కాదు. డాక్టరు వారానికోసారి వస్తారు, పగటిపూట ఒక నర్సు ఉంటుంది, తక్కిన పనంతా ఆయాలదే. నేను పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాణ్ని.

ఆయా అంటే డైపర్లు మార్చే మనిషి అనుకునేవాణ్ని. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకామె నా భార్యకు ఒళ్లు తుడుస్తుంటే చూశాక ఆ మాట మళ్లీ అనలేదు. మొహం, మెడ, చేతులు తుడిచాక ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లు తెచ్చుకున్నాకే నడుం కిందికి వెళ్లేది. మడమలు, తుంటి, వెన్ను చివర వేలితో నొక్కి చూసేది. ఎందుకమ్మా అని అడిగితే, "నొక్కితే ఎరుపు పోయి తెల్లబడాలి మేస్టారూ. అలాగే ఉందంటే లోపల పుండు మొదలైపోయినట్టే" అంది. ఒకరోజు వెన్ను చివర అలాంటి మచ్చ కనిపించింది. ఆ పూట నుంచి నా భార్యను వెల్లకిలా పడుకోనివ్వలేదు. రెండేసి గంటలకు ఒకసారి ఎడమకీ కుడికీ మార్చి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, ఎయిర్ బెడ్ ఉంది కదా అని వదిలేయకుండా కాచుకుంది. నాలుగు రోజులకు ఎరుపు తగ్గింది. పడక పుండు ఎముక దాకా దిగినవాళ్లను ఆ హాల్లోనే చూశాను. ఆ వాసన, ఆ బాధ ఇక్కడ రాయను.

అన్నం తినిపించడమైతే చదువంత ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగుడు సరిగా పడదు. పొలమారితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అందుకని నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి, బాగున్న వైపు నుంచి చిన్న చెంచాతో పెట్టాలి. మింగిన ప్రతిసారీ పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు చిక్కుకున్నాయేమో చూడాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. గిన్నెడు మెత్తటి పప్పన్నానికి ముప్పావు గంట పట్టేది. మధ్యాహ్నం అలా నలుగురికి ఆమె ఒక్కతే తినిపించాలి. నాలుగో మనిషి కంచంలో అన్నం ఎప్పటికి చల్లారుతుందో మీరే ఊహించండి.

మతిమరుపు జబ్బున్న ఒక పెద్దాయన చీకటి పడేసరికి ఆఫీసుకు టైమైందంటూ గేటు వైపు బయల్దేరేవారు. అడ్డుపడితే కొట్టేవారు. ఈమె అడ్డుపడేది కాదు. "ఈవేళ ఆదివారం కదండీ, రేపు ఎళ్దురుగాని, ముందు టీ తాగండి" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పేది. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉండి తనంతట తను నేర్చుకుంది. ఆమె నేర్చుకునేలోపు ఎంతమంది ముసలివాళ్లు ఇబ్బంది పడ్డారో అన్న ఆలోచన కూడా నన్ను వదలదు.

ఒకరోజు పొద్దున వెళ్లేసరికి నా భార్య కింద పక్కబట్టలు తడిసి చల్లబడి ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా మీద కేకలు వేశాను. చిన్న పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో, మాట్లాడకుండా నిలబడింది. ఆ రాత్రి ఆ అంతస్తులో పద్నాలుగు మందికి ఆ పిల్ల ఒక్కతే ఉందని తర్వాత తెలిసింది. రెండో ఆమె కొడుక్కి జ్వరమని ఊరెళితే బదులు ఎవరినీ వేయలేదు. ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది తమంతట తాము పక్కకు తిరగలేరు. రెండు గంటలకోసారి ఒక్కొక్కరిని తిప్పడానికి ఐదు నిమిషాల చొప్పున లెక్కేసినా నలభై ఐదు నిమిషాలు. డైపరు మార్చి శుభ్రం చేయడానికి మనిషికి పది నిమిషాలు, అంటే ఇంకో గంటన్నర. తొమ్మిది మందికీ రెండు పనులూ పడితే ఆ రెండు గంటలే చాలవు. మూడింటికి ఒక పెద్దావిడ బాత్రూంలో పడిపోయింది. ఆమెను లేపుకుని, రక్తం తుడిచి, మేనేజరుకు ఫోన్లు చేస్తూ కూర్చుంది ఆ పిల్ల. మర్నాడు క్షమించమ్మా అని అడిగాను. అడిగినందుకు ఏడ్చింది.

మనిషిని మంచం మీద పైకి జరపడానికి ఇద్దరు కావాలి. నడుం కింద దుప్పటి మడత పరిచి చెరో పక్కా పట్టుకుని ఎత్తాలి. ఒక్కరే అయితే చంకల్లో చేతులు పెట్టి లాగాల్సిందే. అలా లాగితే ముసలి చర్మం గీరుకుపోతుంది, లాగినవాళ్ల నడుం పోతుంది. ముప్పై ఐదేళ్లకే నడుం పట్టీ కట్టుకుని తిరిగే ఆయాలను చూశాను. పన్నెండు గంటల డ్యూటీకి వాళ్లకు ముట్టేది నెలకు పన్నెండు వేలు. నేను కట్టింది ముప్పై ఎనిమిది వేలు.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి చోటుండే వృద్ధాశ్రమం పెట్టవచ్చని అందులో రాశారు. ప్రైవేటు సంరక్షణ కేంద్రాల నమోదు, కనీస ప్రమాణాలు చేర్చి ఆ చట్టాన్ని సవరించాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది ఆమోదం పొందకుండానే 2024లో ఆ సభతోపాటు మురిగిపోయింది. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, మంచిదే. కానీ పద్నాలుగు మందితో ఒక్కతే మిగిలిపోయిన ఆయా ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి?

నా మేనకోడలు అమెరికాలో ఇదే పని చేస్తుంది, అక్కడ నర్సింగ్ అసిస్టెంట్ అంటారు. 1987లో వాళ్లు చేసుకున్న చట్టం ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, అందులో 16 గంటలు అయ్యేదాకా వృద్ధులను ముట్టుకోనివ్వరు. తర్వాత పరీక్ష పెట్టి, పాసైనవాళ్ల పేరు రాష్ట్ర రిజిస్టరులో ఎక్కిస్తారు. అక్కడా మనుషులు చాలడం లేదనీ, రెండు షిఫ్టులు వరసగా చేయాల్సి వస్తోందనీ ఆ అమ్మాయీ చెబుతుంది. అయినా పేరు రాసిపెట్టిన పుస్తకమంటూ ఒకటి ఉంది. మన దగ్గర నైపుణ్య శిక్షణలో ఇలాంటి పని నేర్పే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉంది కానీ, నేను చూసిన ఆరుగురు ఆయాల్లో ఆ కోర్సు పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడిగేది పెద్ద ఖర్చున్న పనేం కాదు. డబ్బు తీసుకుని వృద్ధులను ఉంచుకునే ప్రతిచోటా పగలు ఎంతమంది ఆయాలు, రాత్రి ఎంతమంది, మంచానపడ్డవాళ్లు ఎంతమంది అన్నది గేటు దగ్గర బోర్డు మీద రోజూ రాయించండి. తనిఖీకి పగలు కాదు, రాత్రి రెండింటికి వెళ్లండి. పదిమంది పనివాళ్లున్న చోట ఇరవై ఒక్క వేల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ ఉండాలి, ఉందో లేదో చూడండి. ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు జీతం కోయకుండా శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, చేతికి ఒక కాగితం ఇవ్వండి.

ఆ కాగితం సంగతి ఎందుకంటున్నానంటే, నా భార్య పోయిన సంక్రాంతికి ముందు వెళ్లిపోయింది. ఒంటి మీద ఒక్క పుండు లేకుండా వెళ్లింది. తర్వాత కొన్నాళ్లకు ఆ పార్వతీపురం ఆమె వేరేచోట చేరింది. పదకొండేళ్ల అనుభవం ఉందంటే రుజువేమిటని అడిగారట. కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే జీతమే రాశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హైదరాబాద్