నూరు శాతం హాజరు సర్టిఫికెట్ ఇక ఉండదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది నుంచి నూరు శాతం హాజరుకు సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. చెన్నైలో అక్టోబరు, నవంబరు వానలు మొదలయ్యాయంటే ఇంటింటా జ్వరాలే. ఒక్కరోజు మానేస్తే సర్టిఫికెట్ చేజారుతుందని పొద్దున్నే పారాసెటమాల్ వేసి పంపుతారు. ఆ మాత్ర పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. భోజనం బెల్లు కొట్టేసరికి ఒళ్లు మళ్లీ కాలిపోతుంది, ఈలోగా బెంచీలో పక్కవాళ్లకూ అంటుకుంటుంది. తప్పు బడిదే. మేం అంకె అడిగాం, మీరు అంకె ఇచ్చారు. ఇకమీదట మాత్ర వేయకుండా జ్వరం లేని 24 గంటలు గడిచాకే పంపండి.

వారం వారం పెట్టే 20 మార్కుల స్లిప్ టెస్టుదీ ఇదే జబ్బు. ప్రశ్నలన్నీ బుక్ బ్యాకువే, అంటే పాఠం చివర ఇచ్చినవే. పాఠం తెరవకుండా గైడు బట్టీ పట్టినా 18 వస్తాయి. లెక్కలో రైలు తీసి బస్సు పెడితే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. జూలై నుంచి బుక్ బ్యాకుకు 10 మార్కులే. 6 మార్కులకు సూత్రం అదే, అంకెలూ సందర్భమూ వేరు. మిగిలిన 4 మార్కులకు తప్పుగా చేసిన లెక్క ఇస్తాం. ఉదాహరణకు 1/2 + 1/3 = 2/5. పై అంకెలూ కింది అంకెలూ విడివిడిగా కూడేశారని రాస్తే 2 మార్కులు. అరకు ఇంకొంత కలిపితే అర కన్నా తక్కువ ఎలా వచ్చిందని నిలదీస్తే మొత్తం 4. మొదట్లో 18 వచ్చేవాళ్లకు 12 రావచ్చు. కంగారుపడి ట్యూషన్ మార్చకండి, "ఎన్నొచ్చాయి?" అనే ముందు "ఏది తప్పింది, చూపించు" అనండి. తప్పులు దిద్దుకొస్తే రెండు మార్కులు కలుపుదామనే మాటా వచ్చింది. కలిపితే పక్కవాళ్ల పేపరు చూసి ఎక్కించేస్తారు కనుక వద్దనుకున్నాం.

లెక్కలోకి రానిది ఏమవుతుందో ప్లస్ వన్ (11వ తరగతి) చూపించింది. తమిళనాడులో 2007 ప్రవేశాల నుంచి ఇంజనీరింగ్ ఎంట్రన్స్ లేదు. ప్లస్ టూ (12వ తరగతి) మార్కులతోనే సీటు. మ్యాథ్స్ 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, మొత్తం 200కు లెక్కగట్టే ఈ మార్కునే కటాఫ్ అంటారు. ప్లస్ వన్ మార్కు ఎక్కడా పనికిరాదు కనుక చాలా ప్రైవేటు బళ్లు దాన్ని పైపైన దాటించి, రెండేళ్లూ ప్లస్ టూ పాఠాలే రుబ్బించాయి. జేఈఈ, నీట్‌లలో ఈ రెండు తరగతుల పాఠాలూ అడుగుతారు, దెబ్బ అక్కడ తగిలింది. చివరికి 2017-18లో ప్రభుత్వం ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టింది, 2025-26 నుంచి దాన్ని మళ్లీ ఎత్తేసింది.

లైబ్రరీ చార్టులో పుస్తకానికో నక్షత్రం అతికించడమూ ఆపేశాం. నక్షత్రాలు పెరిగేకొద్దీ పుస్తకాలు పలచబడ్డాయి. 1973లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో, బొమ్మలు గీయడం ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ముందే సర్టిఫికెట్ ఆశ చూపి గీయించారు. తర్వాత వాళ్లంతట వాళ్లు గీసిన సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. "ఇది చదివితే అది కొనిస్తా" అని ముందుగా బేరం పెట్టకండి. చదివాక మెచ్చుకుని ఏదైనా ఇస్తే ఇబ్బంది లేదు.

సాయంత్రం ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా వేయమని మీలో కొందరు అడిగారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాలు సరిగ్గా అదే చేశాయి, ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. టీచరు కాచుకుని ఉందనే మొహమాటం పోయి, డబ్బు కడుతున్నాం కదా అనే ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా పాత మొహమాటం తిరిగి రాలేదు. అందుకని మనకు జరిమానా వద్దు. 4.15 దాటేలా ఉంటే క్లాస్ టీచరుకు ఒక్క ఫోను చేయండి, చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, చెన్నై