ఆ క్యాసెట్లు పాత సామాన్ల బండి ఎక్కకముందే

సంపాదకులు గారికి,

పోయిన నెల నా మిత్రుడొకాయన కాలం చేశారు. పెద్దకర్మ అయ్యాక ఇల్లు సర్దుతూ, ఆయన ముప్పై ఏళ్లుగా దాచుకున్న వీడియో క్యాసెట్లను పిల్లలు రెండు గోనెసంచుల్లో కట్టి పాత సామాన్ల బండికి వేసేశారు. వాళ్లను తప్పుపట్టను. ఆ సినిమాల పేర్లే వాళ్లెప్పుడూ వినలేదు. నాకు తెలిసేసరికి బండి వెళ్లిపోయింది.

అందులో కమల్ స్వరూప్ హిందీలో తీసిన ‘ఓం దర్ బ దర్’ ఉంది. 1988 నాటిది. అజ్మీర్ కుర్రాడు, ఎంతసేపైనా ఊపిరి బిగబట్టగలడు. తండ్రి జాతకాలు చెబుతాడు. కప్పల కడుపులో వజ్రాలుంటాయి. కథ చెప్పబోతే చేతికి చిక్కదు. కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బు పెట్టిన సినిమా, ఫిల్మ్‌ఫేర్ విమర్శకుల అవార్డు కూడా వచ్చింది. అయినా థియేటర్లలోకి వచ్చింది మాత్రం 2014 జనవరిలో! అన్నాళ్లూ దాన్ని బతికించింది చేతులు మారుతూ వచ్చిన ఇలాంటి కాపీలే. మా వాడి క్యాసెట్లో ఎరుపు రంగు అంచులు దాటి కారేది, తెర అడుగున తెల్లగీతలు ఊగేవి. మొదటిసారి నాకు సగం కూడా అర్థం కాలేదు, నాలుగోసారీ అంతే. పూర్తిగా అర్థమైన సినిమాను ఎవరికైనా ఇచ్చేస్తాం. ఇలాంటిది ఇవ్వబుద్ధి కాదు, ఇంకోసారి చూస్తే ఏదో దొరుకుతుందనిపిస్తుంది. మా పిచ్చంతా అదే.

ఈ సినిమాకు ఇప్పుడు డిజిటల్ ప్రింటు ఉంది, సరే. రెండో కాపీ లేనివాటి సంగతే నా టెన్షన్. మొన్న ఒక క్యాసెట్ మూత ఎత్తితే టేపు చుట్టూ పిండి చల్లినట్టు తెల్లటి బూజు. ఈ క్యాసెట్లు ఆడించే వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది, ఉన్నవి పాడైతే బాగుచేసేవాళ్లు దొరకరు. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. కానీ మన ఊళ్లలో ఒక మనిషి సంచి పట్టుకెళ్లి ఇచ్చే చోటేది? మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రింటే మనకు మిగల్లేదు.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక గది, రెండు మంచి వీసీఆర్లు, ఒక కంప్యూటరు, పని తెలిసిన ఒక ఉద్యోగి ఉంటే చాలు. హక్కులు సినిమా తీసినవాళ్లవే, వాళ్లు ఒప్పుకుంటేనే ప్రదర్శన. ముందు టేపు కరిగిపోకుండా కాపీ తీసి ఉంచాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ దీన్ని పట్టించుకోవాలని కోరుతున్నాను.

నా దగ్గర ఇంకా అరవై దాకా క్యాసెట్లున్నాయి. వానాకాలం లోపు చోటు చూపిస్తే మొదట నేనే తెచ్చి ఇస్తాను.

– ఒక పాఠకుడు, విజయవాడ