2025-26 వార్షిక నివేదిక: మన కెర్నెల్ కాన్ఫిగ్‌కు కారణాలు రాసుకున్నాం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనిలో ఎక్కువ భాగం ఒకే ఒక్క ఫైలు మీద నడిచింది. మన పాత ల్యాప్‌టాప్‌ల కోసం లినక్స్ కెర్నెల్‌ను, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన ప్రోగ్రామ్‌ను, సోర్సు నుంచి కంపైల్ చేసుకునేటప్పుడు (నడిచే రూపంలోకి మార్చుకునేటప్పుడు) అందులో ఏవేవి ఉండాలో చెప్పే డాట్ కాన్ఫిగ్ ఫైలు అది.

2025 ఆగస్టులో, మనం వాడే లినక్స్ రకమైన డెబియన్‌లో 13వ వెర్షన్ విడుదలైంది. అప్పటిదాకా డెబియన్ 12తో వచ్చిన 6.1 కెర్నెల్ వాడుతున్నాం. కొత్తదాంట్లో 6.12 ఉంది. పాత కాన్ఫిగ్‌నే దీనికి సరిచేద్దామని కూర్చుంటే, అందులో ఏ ఆప్షన్ ఎందుకు మార్చామో ఎవరికీ గుర్తులేదు. దాన్ని తయారుచేసిన సభ్యుడు ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఆయనకూ సగమే గుర్తుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. రాసిపెట్టమని మనం ఎన్నడూ అడగలేదు.

కొత్తగా చేరినవారి కోసం ఒక మాట. కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్‌కు ‘వై’ అని పెడితే అది కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. ‘ఎం’ అంటే విడి మాడ్యూల్‌గా ఉండి, అవసరమైనప్పుడు లోడ్ అవుతుంది. ఎవరి దగ్గర ఏ మెషీన్ ఉంటుందో తెలియదు కాబట్టి డెబియన్ వాళ్లు వేల మాడ్యూళ్లు ఇస్తారు, ఇవ్వాలి కూడా. మన పాత మెషీన్లలో అవన్నీ కంపైల్ చేయాలంటే తెల్లారిపోతుంది, డిస్కూ నిండిపోతుంది. డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి పనికొచ్చేది) ఆపేస్తేనే డిస్కుకు చాలా ఊపిరాడుతుంది.

పాత కాన్ఫిగ్‌ను కొత్త కెర్నెల్‌కు మార్చడానికి మొదట ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశం కొట్టాం. అది మనల్ని ఏమీ అడగదు, కొత్త ఆప్షన్లన్నిటికీ డిఫాల్ట్ పెట్టేస్తుంది. తర్వాత కెర్నెల్ సోర్సులోనే ఉండే ‘డిఫ్‌కాన్ఫిగ్’ స్క్రిప్టుతో పాత ఫైలునూ కొత్త ఫైలునూ పోల్చి చూశాం. మనం ఎంచుకున్న ‘స్లాబ్’ మాయమైంది. మెమరీ పంచే ఆ పద్ధతిని 6.8లో కెర్నెల్ నుంచే తీసేశారు, ఇప్పుడు ‘స్లబ్’ ఒక్కటే ఉంది. నష్టమేమీ జరగలేదు గానీ, మనకు చెప్పకుండానే ఇంత మార్పు జరిగిపోతుందని తెలిసి టెన్షన్ పడ్డాం. మళ్లీ మొదటినుంచి, ప్రతి కొత్త ఆప్షన్ గురించీ అడిగే ‘మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్’తో, ప్రతి ప్రశ్నకూ సహాయ వివరణ చదివి జవాబిచ్చాం. అందుకు వరసగా ఆదివారాలు వచ్చి కూర్చున్న సభ్యులకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది అసలు దెబ్బ ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశం దగ్గర తగిలింది. అది ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను చూసి, మిగతావి కాన్ఫిగ్‌లోంచి తీసేస్తుంది. పని చాలా తేలికవుతుంది. కానీ ఒక సభ్యురాలి ఇంట్లో నెట్ అంతా ఫోన్‌కు యూఎస్‌బీ కేబుల్ పెట్టి వాడుకునేదే. కాన్ఫిగ్ చేసిన రోజు ఆ ఫోన్ తగిలించి లేదు. దాంతో యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్ నెట్ అందుకునే ‘ఆర్‌ఎన్‌డీఐఎస్’ డ్రైవర్ పోయింది. కొత్త కెర్నెల్‌తో ఇంటికి వెళ్లాక ఆవిడకు నెట్ రాలేదు, పిల్లాడి ఆన్‌లైన్ పరీక్ష మర్నాడే. బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ అలాగే ఉంచాం కాబట్టి ఆ పూట గడిచింది. ఆవిడకు సంఘం తరఫున ఇక్కడ మరోసారి క్షమాపణ చెబుతున్నాను.

ఇంకో మెషీన్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లోనే మాడ్యూళ్లను అందించే చిన్న ఫైల్‌సిస్టమ్) లేకుండా, డిస్కులోని ఫైళ్లను చదివే ‘ఎక్స్‌ట్4’ను మాడ్యూల్‌గా పెట్టాం. బూట్ అవుతూనే కెర్నెల్ పానిక్, అంటే కెర్నెల్ ముందుకు సాగలేక ఆగిపోయింది. దాన్ని ‘వై’ చేయగానే సరిపోయింది.

ఇప్పుడు మన కాన్ఫిగ్‌తో పాటు ఒక నోట్సు ఫైలు ఉంది. డెబియన్ కాన్ఫిగ్‌కు భిన్నంగా పెట్టిన ప్రతి ఆప్షన్‌కు ఎందుకు మార్చాం, ఏ మెషీన్ కోసం, తీసేస్తే ఏం ఆగిపోతుంది అన్నవి తెలుగులోనే రాశాం. రెండూ గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన మంచి పని ఇదే. కెర్నెల్‌ను డెబియన్ ప్యాకేజీగా మార్చే ‘బిన్‌డెబ్-పీకేజీ’తో ఒకసారి ప్యాకేజీ చేసి అందరికీ పంచడం కూడా మొదలైంది, ఇక ప్రతివారూ విడిగా కంపైల్ చేయనక్కర్లేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా అందజేస్తారు.

వచ్చే ఏడాది ప్యాకేజీ కోసం సభ్యులు తమ మెషీన్‌లో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను చూపే ‘ఎల్‌ఎస్‌మాడ్’ ఆదేశం ఇచ్చే జాబితాను ఫైలుగా పంపాలి. వేరే మెషీన్ జాబితా ఇచ్చినా లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ తీసుకుంటుంది. జాబితా తీసే ముందు మీ ఫోను, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ అన్నీ తగిలించి ఒకసారి వాడి చూడండి.

ఇట్లు,
కార్యదర్శి